పిలక లేని కొబ్బరికాయ

మా చర్చి సంఘంలో సాక్ష్యాలకు కొదవ లేదు. తాగుడు మానినవాళ్లు పదకొండు మంది, పేకాట మానినవాళ్లు నలుగురు, రెండూ మానలేదు గానీ మానతామని ఏటా కొత్త సంవత్సరం ప్రార్థనలో చెప్పేవాళ్లు ఓ పది మంది. కానీ శక్తిని వదిలేసి వచ్చినవాడు ఒక్కడే, క్రీస్తుదాసు. ఆయన సాక్ష్యాన్ని పుస్తకంగా రాసి అచ్చు వేసింది నేను. అది ఎలా చెడిపోయిందో చెప్పే పని కూడా నాకే తగులుకుంది.

తల్లాడ నుంచి కొత్తగూడెం పోయే రోడ్డు మీద, అడవి మొదలయ్యే చోట ఉంటుంది మా పేట. తల్లాడ బస్టాండు దగ్గర నాకు ‘ఆరాధన డీటీపీ అండ్ జిరాక్స్’ అని ఒక షాపు ఉంది. ఆరాధన మా అమ్మాయి పేరు. ఇరవై ఏళ్లుగా నేను సంఘానికి సెక్రటరీని. సేవ పట్ల నాకున్న భారం వల్ల అని నేను చెబుతాను. ఇంకెవరూ ఒప్పుకోకపోవడం వల్ల అని మా ఆవిడ చెబుతుంది.

క్రీస్తుదాసుకు ఇప్పుడు అరవై రెండేళ్లు. బాప్తిస్మానికి ముందు ఆయన కిష్టయ్య. కల్లూరు, తల్లాడ చుట్టుపక్కల బోరు వేయించుకునే ప్రతి రైతుకూ కిష్టయ్య తెలుసు. కొబ్బరికాయను అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టి, పిలక వేళ్ల వైపు ఉండేలా పట్టుకుని, చెప్పులు విడిచి పొలమంతా నడిచేవాడు. కింద నీళ్లున్న చోటికి రాగానే కాయ లేచి నిలబడేది. అక్కడ సున్నంతో గుర్తు పెట్టేవాళ్లు. రైతు ఇంట్లో ఆడవాళ్లు ఆయన కాళ్లకు నీళ్లిచ్చేవాళ్లు. మధ్యాహ్నం కోడికూర. ఊరి పెద్దమనుషులు నిలబడి ఉండగా ఆయన మంచం మీద కూర్చునేవాడు. ఆయన పుట్టిన వాడకు ఆ ఊళ్లలో కోడికూర కంటే ఆ మంచం పెద్ద సంగతి.

పన్నెండేళ్ల కింద, భార్య సంపూర్ణ వెనకాలే చర్చికి రావడం మొదలుపెట్టాడు. వచ్చి చివరి స్తంభం పక్కన కూర్చునేవాడు. ఆరు నెలలకు బాప్తిస్మం అడిగాడు. మా పాస్టర్ షాలేమ్‌రాజు అయ్యగారు ఒక్కటే షరతు పెట్టారు, కొబ్బరికాయ మానెయ్యాలని. ఆయన సరే అన్నాడు, బేరం ఆడలేదు. మరుసటి వారం నుంచి ఉపాధి పనికి పోయి మట్టి తవ్వాడు, మిర్చి ఏరడానికి పోయాడు. బోరు పాయింట్ కోసం ఎవరొచ్చినా మంచినీళ్లిచ్చి వెనక్కి పంపేవాడు.

ఇంత త్యాగం ఊరికే పోకూడదని నేను పూనుకున్నాను. పుస్తకం పేరు ‘కొబ్బరికాయ నుంచి కల్వరికి’. పదహారు పేజీలు. ఆయన చెప్పింది మూడు పేజీలకు వచ్చింది, మిగతాది నేను చూసుకున్నాను. ఏడో పేజీలో కాయ గిరగిరా తిరుగుతుంది, పుట్టలోంచి నాగుపాము లేచి ఆయనకు దారి ఇస్తుంది. ఆ పేజీ చివర ‘నాకున్న ఆ మహాశక్తిని ప్రభువు పాదాల దగ్గర పెట్టేశాను’ అనే వాక్యం ఉంది. అది చదివి ఖమ్మంలో ఒక డాక్టరమ్మ ఏడ్చిందట. అదీ నేను రాసిందే. ఆఖరి పేజీలో చిన్న అక్షరాలతో ‘ఉన్నది ఉన్నట్టు రాసినవారు’ అని, దాని కింద నా పేరు, షాపు ఫోన్ నంబరు. మూడో ముద్రణ రెండు వేల కాపీలు వేశాను.

ఆ పుస్తకం వల్ల ఆయన్ని సువార్త కూటాలకు పిలిచేవాళ్లు. స్టేజీ ఎక్కి మైకు ముందు మూడు మాటలు చెప్పి దిగేవాడు. కాయ పట్టేవాణ్ని, మానేశాను, దేవునికి వందనాలు. అంత దూరం పోయి మూడు మాటలేమిటని నాకు ఒళ్లు మండేది. మైకు అందుకుని మిగతా సాక్ష్యం నేను పూర్తి చేసేవాణ్ని. జనం ఆయన చేతులు పట్టుకుని తలల మీద పెట్టుకునేవాళ్లు. ఆయన ఆ చేతుల్ని వెనక్కి తీసుకోవాలని చూసేవాడు. ఎంత తగ్గింపు మనసో అని నేను చుట్టూ ఉన్నవాళ్లకు చెప్పేవాణ్ని.

నిరుడు ఎండాకాలం చర్చి బోరు ఎండిపోయింది. మా చర్చి ఆవరణలోనే ఆడపిల్లల హాస్టల్ ఉంది. అడవి లోపలి గూడేల నుంచి వచ్చిన ఇరవై ఆరు మంది అక్కడ ఉండి హైస్కూల్లో చదువుతారు. వార్డెన్ సుజాత ముక్కుసూటి మనిషి. బోరు పడకపోతే జూన్‌లో హాస్టల్ తెరవనని చెప్పేసింది. ట్యాంకరు రెండు రోజులకోసారి వస్తుంది, లేదా రాదు. కరోనా ఏడాది హాస్టల్ మూస్తే తొమ్మిది మంది పిల్లలు తిరిగి రాలేదు. అందులో ఇద్దరిని మరుసటి ఏడాది సంతలో చంకన బిడ్డలతో చూశాను. ఈ ఒక్క విషయంలో నాకు తమాషా చేయబుద్ధి కాదు.

దాతలు మూడు బోర్లకు ఒప్పుకున్నారు. మొదటి పాయింట్ సర్వే మిషను పెట్టి చూశారు. నాలుగు వందల ఇరవై అడుగులు దించినా దుమ్మే వచ్చింది. రెండో పాయింట్‌కు దూరం నుంచి పెద్ద దైవజనుణ్ని పిలిపించాం. ఆయన కారు దిగి, చర్చి ముందు సిలువకు సరిగ్గా ఎదురుగా నూనె పోసి, అక్కడే జలనిధి ఉందని గట్టిగా ప్రకటించారు. ఫొటోకు ఆ చోటు బాగుందని ముందే చెప్పింది నేనే. ఐదు వందల అడుగులకు అక్కడా దుమ్మే. రెండోసారి లేచిన దుమ్ము మెత్తగా ఉందని, గోడలకు పూసుకోవచ్చని బోరు లారీ యజమాని రహీం అన్నాడు. అతను వెక్కిరించే మనిషి కాదు, నిజంగానే సలహా ఇచ్చాడు.

మిగిలింది ఒక్క బోరు. మర్నాడు మధ్యాహ్నం దాటితే లారీ తిరుమలాయపాలెం పోవాలి, అక్కడ రైతులు వరుసలో ఉన్నారు.

తెల్లవారగానే అయ్యగారు ఫోన్ చేసి బైకు తెమ్మన్నారు. ఎక్కడికో చెప్పలేదు. చేతిలో నల్ల ప్లాస్టిక్ కవరు, అందులో పేపరు చుట్టిన గుండ్రటి వస్తువు. క్రీస్తుదాసు ఇంటి ముందు ఆపమన్నారు. సంపూర్ణ వాకిట్లో గిన్నెలు తోముతోంది. ఆ కవరు వంక చూసి, అది ఏమిటో అడక్కుండానే లోపలికి పోయి ఆయన్ని పంపింది.

అయ్యగారు కవరు విప్పారు. కొబ్బరికాయ. పద్దెనిమిదేళ్ల పాస్టరీలో ఆయన కొబ్బరికాయ కొనడం అదే మొదటిసారి. ఒక్కసారికే, పిల్లల కోసం, చూసేది మనం ముగ్గురమే అని ఆయన నేల చూస్తూ చెప్పారు. అదే నోటితో కొబ్బరికాయ మీద ఆయన చేసిన ప్రసంగాలు నా షాపులో సీడీలుగా ఉన్నాయి.

క్రీస్తుదాసు కాయను చేతిలోకి తీసుకుని ఇటూ అటూ తిప్పి చూశాడు.

“దీనికి పిలక లేదు అయ్యగారూ,” అన్నాడు. “గిది కూరల ఏసే కాయ. పాయింటుకు పిలక ఉండాలె.”

అయ్యగారి ముఖం చూడలేకపోయాను. కొట్టువాడు ఏ కాయ కావాలని అడిగితే ఆయన కంగారుపడి, పీచంతా ఒలిచిన కాయ వైపు చూపించారట. ఇంకోటి తెస్తానని నేను బైకు తాళం తీశాను. సెక్రటరీని కదా, కార్యం ఆగకూడదు.

క్రీస్తుదాసు వద్దన్నాడు. నీళ్ల జాగా చూపించే మార్గం తనకు తెలుసని, కానీ అది సంఘం అందరి ముందూ చెబుతానని అన్నాడు. ఇక్కడే చెప్పమని అయ్యగారు బతిమాలారు. ఇక్కడ చెప్పేది కాదన్నాడు. కాయను అయ్యగారి చేతిలో పెట్టేసి, అరచేతులు రెండూ తువ్వాలుకు తుడుచుకున్నాడు. మళ్లీ కాయ పట్టబోతున్నాడు కాబట్టి భయపడుతున్నాడని అనుకున్నాను. మూడో ముద్రణ ఏమవుతుందో అని నేనూ భయపడ్డాను.

పది గంటలకు ఉపవాస ప్రార్థన. నీళ్ల కోసమే కాబట్టి జనం నిండుగా వచ్చారు. కరెంటు లేదు, జనరేటరు బాగు చేయించడానికి పోయింది, మైకు పని చేయదు. అయ్యగారు కవరును పుల్పిట్ బల్ల కింద పెట్టి కూర్చున్నారు. క్రీస్తుదాసు స్తంభం దగ్గర నుంచి లేచి ముందుకు వచ్చాడు. మైకు లేకుండా ఇతని గొంతు రెండో వరుస దాటదని నేను అనుకున్నాను. చివరి వరుస దాకా వినపడింది, అందరూ అంత నిశ్శబ్దంగా ఉన్నారు.

“నేను ఏ శక్తీ ఇడిసిపెట్టలే,” అన్నాడు. “ఇడిసిపెట్టనీకి నా దగ్గర లేకుండె. కాయ ఎన్నడు దానంతటది లేవలే. కింద వేలు కొంచెం లేపితే లేస్తది, ఎవలు లేపినా లేస్తది. పొలంల కాలు పెట్టకముందే నాకు జాగ తెలిసేది. ఆ ఊరి ముసలి ఆడోళ్లను అడుగుతుంటి. ఎనకట చెలమ ఏడుండె, బర్లు ఏడ పండుకుంటయి, నరికినా ఈత ఏడ మళ్ల లేస్తది అని. వాళ్లు చెప్పేటోళ్లు. పేరు నాకు, కోడికూర నాకు.”

ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

“తిరుమలాయపాలెం దిక్కు ఒక రైతుకు నాలుగు పాయింట్లు పెట్టిన. ఆడ అడగనీకి ముసలోళ్లు లేకుండె, ఊకె పెట్టిన. నాలుగూ వట్టిపోయినయి. తిడతడనుకున్న. తిట్టలే. ఎడ్లను అమ్మి వచ్చి, నా కాళ్ల మీద పడి, ఐదోది చూపియ్యమన్నడు. ఆ దినం నాకు భయమైంది. గందుకు దేవుని కాడికొచ్చిన. ఈడికొస్తే మీరు గూడ నన్ను పెద్దోన్నే జేసిన్రు. పన్నెండేండ్లు ఊకున్న. తప్పు నాది.”

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. ఎడ్లు అమ్ముకున్న ఆ రైతు మాట నేను అప్పుడే మొదటిసారి వినలేదు. పుస్తకం రాసేటప్పుడు షాపులో, జిరాక్సు మిషను పక్కన స్టూలు మీద కూర్చుని, ఆయన నాకు అదే ముందు చెప్పాడు. కాయ సంగతి కూడా ఏదో చెప్పబోయాడు. విశ్వాసులకు అది ఆత్మీయంగా ఉండదని ఆపేసి, రైతును తీసేసి నాగుపామును పెట్టాను. ఆయన రెండుసార్లు ‘గట్ల కాదు సారూ’ అన్నాడు. నేను టైపు చేస్తూనే ఉన్నాను. చర్చిలో ఆయన నా పేరు ఎత్తుతాడేమోనని చెమట పట్టింది. ఎత్తలేదు.

సంఘ పెద్ద ఒకాయన లేచి, ఇన్నేళ్లు దేవుని సన్నిధిలో అబద్ధపు సాక్ష్యం చెప్పినందుకు ఇతన్ని సంఘ సహవాసం నుంచి ఆపాలన్నాడు. మరో ఇద్దరు అవునన్నారు. నేనూ తల ఊపాను. ఊపినందుకు ఈ రోజుకీ సిగ్గుగా ఉంది. క్రీస్తుదాసు చేతులు కట్టుకుని అలాగే నిలబడ్డాడు, ఆపినా ఒప్పుకుంటాను అన్నట్టు.

అప్పుడు షాలేమ్‌రాజు అయ్యగారు లేచారు. వంగి బల్ల కింద నుంచి నల్ల కవరు తీసి, కొబ్బరికాయను బల్ల మీద, బైబిలు పక్కన పెట్టారు. ముందు వరుసలో ఆడవాళ్లు వెనక్కి జరిగారు.

“ఈ కాయ కొనుక్కొని పొద్దున ఆయన ఇంటికి పోయింది నేను,” అన్నారు. “ఎవరికీ తెలవద్దని పేపరు చుట్టుకొని పోయిన. ఆపితే నన్ను ఆపుండ్రి.”

అంత మాట చెప్పి ఆయన పుల్పిట్ దిగి, క్రీస్తుదాసును చాప మీద కూర్చోబెట్టి తనూ పక్కన కూర్చున్నారు. సంఘ పెద్ద నిలబడే ఉన్నాడు, తర్వాత ఏం చేయాలో తోచక కూర్చున్నాడు. పెద్ద పెద్ద ప్రసంగీకులు మైకుల్లో అరిచి అరిచి జనాన్ని ఏడిపించడం నేను చాలా చూశాను, ఏర్పాట్లు నావే. ఆ రోజు ఎవరూ అరవలేదు. మొదట వెనక వరుసలో ఒక ముసలాయన, తర్వాత ఇద్దరు ఆడవాళ్లు, తర్వాత చాలామంది, ఎవరి మోకాళ్ల మీద వాళ్లు పడ్డారు. ఆ సంఘ పెద్ద కూడా. నాకు మోకాలి నొప్పి ఉంది. అయినా వంగాను.

కొంతసేపటికి క్రీస్తుదాసు లేచి, ఈ జాగాలో అందరికంటే పాత మనిషి ఎవరని అడిగాడు. చివర చెప్పుల దగ్గర కూర్చునే నాగక్క అని సుజాత అంది. నాగక్క హాస్టల్‌లో అంట్లు తోముతుంది. చిన్నప్పుడు అడవి లోపలి గూడెం నుంచి వచ్చి, ఈ చర్చి లేని రోజుల్లో, ఇదే నేల మీద దొర పశువులు కాసింది. క్రీస్తుదాసు ఆమె దగ్గరికి పోయి కింద కూర్చుని అడిగాడు. ఆమె ఆలోచించలేదు కూడా. హాస్టల్ వంటింటి వెనక, గోడ మూల, ఈతపొద ఉన్న చోట ఎనకట నీళ్ల చెలమ ఉండేదని, రోడ్డు వేసినప్పుడు మట్టి పోసి పూడ్చారని చెప్పింది. ఆ పొదను సుజాత ఏటా నరికిస్తుంది, నరికేది నాగక్కే.

మూడు నెలలుగా ఇంత జరుగుతుంటే ఎందుకు చెప్పలేదని సుజాత కసిరింది.

“మిషను తెచ్చిన్రు, నూనె తెచ్చిన్రు,” అంది నాగక్క. “మీకు తెలుసనుకున్న.”

రహీం వచ్చి పొదను చూశాడు. గోడ రెండు గజాలు పగలగొట్టాలి అన్నాడు, పగలగొట్టాం. ఈసారి ఏం పోస్తారని అడిగాడు. ఏమీ పోయడం లేదని అయ్యగారు చెప్పారు. రహీం సరే అని గొట్టం దించాడు. క్రీస్తుదాసు దూరంగా, లారీ నీడలో గొంతుక్కూర్చున్నాడు. పక్కనే సంపూర్ణ. నీళ్లు పడకపోతే ఇద్దరినీ ఊరు ఏమంటుందో ఇద్దరికీ తెలుసు. దుమ్ము లేచిన కొద్దీ ఆమె కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని, ఆయన ముఖానికి కూడా పెడుతోంది.

నూట అరవై అడుగులకు దుమ్ము తడిసింది. నూట డెబ్బై ఐదుకు నీళ్లు వచ్చాయి. పుస్తకమైతే ఆకాశాన్ని తాకే ధార అని రాసేవాణ్ని. రెండు ఇంచులు వచ్చాయి. మొదట బూడిద రంగులో, సాయంత్రానికి తేటగా. హాస్టల్‌కు రెండు ఇంచులు చాలు. జూన్‌లో ఇరవై ఆరు మందీ వచ్చారు, ఇంకో ముగ్గురిని వెంట తెచ్చారు. బల్ల మీది కొబ్బరికాయను ఏం చేయాలో ఎవరూ తేల్చలేకపోతే సుజాత పగలగొట్టి పచ్చడి చేసి అందరికీ వడ్డించింది. అయ్యగారు రెండుసార్లు వేయించుకున్నారు.

ఇక్కడితో ఆపితే బాగుండేది. కానీ నా షాపులో పద్నాలుగు వందల పుస్తకాలు మిగిలి ఉన్నాయి.

చిత్తు కాగితాలవాడికి వేద్దామనుకున్నాను. మర్నాడు క్రీస్తుదాసు షాపుకు వచ్చాడు, జేబులో ఒక బాల్ పెన్ను. చదువు రెండో తరగతి. తప్పు ఉన్న లైను ఏదో చూపించమని అడిగాడు. తప్పు లైన్లు చాలా ఉన్నాయి, కానీ ఆయన అడిగింది తన మాటగా నేను రాసినదాన్ని. ఏడో పేజీ తీసి, మహాశక్తి వాక్యం మీద వేలు పెట్టి చూపించాను. ఆయన దాని మీద గీత గీసి, పక్కన పెద్ద పెద్ద అక్షరాలతో ‘లేదు’ అని రాశాడు. ‘దు’ దగ్గర ప్రతిసారీ ఆగేవాడు. రోజూ మధ్యాహ్నం పని నుంచి వచ్చి, అదే స్టూలు మీద కూర్చుని రాసేవాడు. నేను టీ చెప్పేవాణ్ని. పద్దెనిమిది రోజులు పట్టింది.

ఆఖరి కట్ట కట్టేటప్పుడు నేను ఉండబట్టలేక ఒక కాపీ తీసి చివరి పేజీ ఆయన ముందు పెట్టాను. ‘ఉన్నది ఉన్నట్టు రాసినవారు’ దగ్గర వేలు పెట్టి, ఇది ఎందుకు కొట్టలేదని అడిగాను. ఆయనకు ఆ లైను అంతకుముందే తెలుసు. కూడబలుక్కుని చదివి ఉంటాడు.

“అది నీ లైను సారూ,” అన్నాడు. “నేనెట్ల కొడత?”

పెన్ను స్టూలు మీద పెట్టి పోయాడు. నేను ఆ సాయంత్రం ఆఖరి పేజీలో నా లైను కొట్టి ‘లేదు’ రాయడం మొదలుపెట్టాను. జిరాక్సులకు జనం లేని వేళల్లో రాస్తున్నాను. ఇవాళ్టికి ఆరు వందల పన్నెండు అయ్యాయి.